గుడ్డను తిరగేసి చూస్తే



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆవిడను బి. మల్లాపురంలో చిన్నాపెద్దా అందరూ టీచరమ్మ అనే పిలిచారు. నేనూ అలాగే అంటాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న మాలాంటి ఆడపిల్లలకు సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి అన్నీ ఆవిడే నేర్పారు. కుట్టింది చూపించడానికి తీసుకెళ్తే పువ్వు ఎలా వచ్చిందో ముందు చూసేవారు కాదు. గుడ్డ అందుకోగానే తిరగేసేవారు. వెనకవైపు వేలితో తడుముకుంటూ పోయి, ఒకచోట ఆగి, ఇక్కడ దారం అయిపోయిందా అనో, ఈ ఆకు చివర్లో కుట్టావా అనో అడిగేవారు. మేం కుడుతున్నంతసేపూ పక్కనే కూర్చుని చూసినట్టుండేది ఆ ప్రశ్న.

కుట్టు నేర్పే చాలామందికి గుడ్డ తిరగేసే అలవాటు ఉంది. వాళ్లు వెతికేవి ముళ్లు, వేలాడే పోగులు, అంటే తప్పులు. టీచరమ్మ అక్కడ పనిని చదివేవారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ చదువు గురించే. కుట్టిన గుడ్డకైనా నేసిన గుడ్డకైనా వెనకవైపుకు సొంత గీత ఉంది, సొంత అందం ఉంది. చేసినవాళ్ల తెలివి ముందువైపు కంటే అక్కడే తేటగా కనిపిస్తుంది. అలాంటి దాన్ని అస్తరు వేసి, అట్టకు అంటించి, ఫ్రేము కట్టి మనం మూసేస్తున్నాం.

ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. మన ధర్మపురి జిల్లాలోనే కల్వరాయన్ కొండలకూ సిత్తేరి కొండలకూ నడుమ సిత్తిలింగి లోయ ఉంది. 1993లో డాక్టర్ రెజీ జార్జ్, డాక్టర్ లలిత దంపతులు అక్కడ ఒక గుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్ ఆసుపత్రి అలా పుట్టింది. ఆ లోయలో మలయాళీ గిరిజనులతో పాటు లంబాడీ తండాలూ ఉన్నాయి. లంబాడీ ఆడవాళ్ల కుట్టుపని అక్కడ దాదాపు పోయిన దశకు వచ్చింది. కట్టూబొట్టూ మారిపోయాయి, నేర్చుకునే పిల్లలు లేకపోయారు. వయసు మళ్లిన కొద్దిమంది చేతుల్లో, పెట్టెల అడుగున దాచుకున్న పాత గుడ్డల్లో మాత్రం అది మిగిలింది. 2006 ప్రాంతంలో డాక్టర్ లలిత పూనికతో ఆ పని మళ్లీ మొదలైంది. కుట్టే ఆడవాళ్లు తమ సంఘానికి పోర్గై అని పేరు పెట్టుకున్నారు, గర్వం అని దానర్థం. వైద్యానికి వచ్చిన డాక్టరమ్మ కుట్టుపని గురించి ఎందుకు పట్టించుకోవాలి అని ఎవరైనా అడగొచ్చు. ఒక ఊరి ఆరోగ్యం గురించి ఆలోచించే మనిషి ఆ ఊరి ఆడవాళ్ల చేతిలో ఏముందో చూడకుండా ఉండలేరని నా జవాబు.

ఇదిగో, నా చేతిలో లంబాడీ పని ఉన్న చదరపు గుడ్డ ఒకటి ఉంది. జానెడు కంటే కాస్త ఎక్కువ. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు కనిపించదు కాబట్టి చెబుతాను. ముదురు నీలం గుడ్డ. నడుమ ఒక అద్దం. దాని చుట్టూ ఎర్రదారంతో గొలుసు కుట్టు రెండు చుట్లు. నాలుగు అంచుల వెంటా పసుపు దారంతో ఇంటూ గుర్తుల వరస, కుట్టు సెంటర్లలో దీన్నే హెరింగ్‌బోన్ అంటారు. కుట్టు ఉన్నచోట వేలు పెట్టడానికి ఖాళీ లేదు, అంతా దారమే.

ఇప్పుడు తిరగేస్తున్నాను. గొలుసు మాయమైంది. గొలుసు కుట్టుకు వెనకవైపు వచ్చేవి ఒకదాని వెంట ఒకటి పొట్టి గీతలే. ఎర్రచీమల బారు ఒకటి గుండ్రంగా తిరుగుతున్నట్టుంది. అంచుల్లోని ఇంటూ గుర్తులూ లేవు. వాటికి బదులు పక్కపక్కనే రెండు చుక్కల వరసలు, మధ్యలో ఖాళీగా నీలం నేల. కారణం సూది నడకలో ఉంది. హెరింగ్‌బోన్‌లో సూది పైన ఒకసారి కొంచెం గుడ్డను పట్టుకుంటుంది, ఏటవాలుగా దిగివచ్చి కింద మరోసారి కొంచెం పట్టుకుంటుంది. పొడవు దారమంతా పైనే పరుచుకుంటుంది, వెనక మిగిలేవి ఆ చిన్న పట్లే. డబ్బు పెట్టి సంతలో కొనుక్కున్న దారం ఎవరికీ కనిపించనిచోట ఖర్చు కాకూడదనుకునే ఇల్లాలికి ఇంతకంటే తగిన కుట్టు లేదు. పొదుపు కోసం ఎన్నుకున్న ఆ నడకే వెనకవైపు ఈ నిరాడంబరమైన బొమ్మను గీసింది. ముందువైపు పండగ, వెనకవైపు ఇంత నెమ్మది. నా మనసు పడ్డది వెనకవైపు మీదే.

అద్దం సంగతి ఇంకా విచిత్రం. పూసకైనా గవ్వకైనా బెజ్జం ఉంటుంది, దారం గుచ్చి కుట్టేయొచ్చు. అద్దం బిళ్లకు బెజ్జం ఉండదు. దాన్ని దారంతోనే కట్టి నిలబెట్టాలి. నిలువుగా రెండు, అడ్డంగా రెండు దారాలు అద్దం మీదుగా బిగువుగా లాగి ఒక చట్రం కడతారు. తరవాత సూది ఒకసారి చట్రాన్ని, ఒకసారి గుడ్డను పట్టుకుంటూ చుట్టూ తిరుగుతుంది. చట్రం పక్కలకు లాక్కుపోయి అద్దం చుట్టూ దారపు గట్టు అవుతుంది. ఇదంతా ముందువైపు. వెనక అద్దం జాడే లేదు. ఒక ఖాళీ గుండ్రం, దాని చుట్టూ పొట్టి కుట్లు. సూది గుడ్డలోకి ఎన్నిసార్లు దిగిందో కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు. అద్దం ఊడకుండా ఎన్నేళ్లు నిలుస్తుందో ఆ కుట్ల దగ్గరితనం చెబుతుంది.

ఇలాంటి గుడ్డను కిటికీకి అడ్డంగా, వెనకవైపు మీకు ఎదురుగా ఉండేలా పట్టుకుని చూడండి. వెలుగు గుడ్డలోంచి వడకట్టుకుని వస్తుంది. అద్దాలున్నచోట రాదు. ముందువైపు అన్నిటికంటే మెరిసేవి ఇటువైపు అన్నిటికంటే నల్లని గుండ్రాలవుతాయి. ఈ బొమ్మను ఎవరూ అనుకుని వేయలేదు. అయినా అది అక్కడ ఉంది, పొందికగా ఉంది, చూసినవాళ్లకు దక్కుతుంది.

అందం ఒక్కటే అయితే ఇంతసేపు మాట్లాడేదాన్ని కాదు. అద్దం కుట్టు నేర్చుకోవాలని ముందువైపు ఎంతసేపు చూసినా దారి దొరకదు. పై దారాలు కింది దారాలను కప్పేసి ఉంటాయి, ఏది ముందో ఏది తరవాతో తెలియదు. వెనకవైపు సూది దిగినచోటు, తేలినచోటు రెండూ బయటపడే ఉంటాయి. పక్కన కూర్చుని నేర్పే పెద్దామె ఉంటే ఆవిడ చేతిని చూసి నేర్చుకుంటాం. ఆవిడ లేనప్పుడు ఆవిడ కుట్టిన గుడ్డే చెప్పాలి, ఆ చెప్పేది వెనకవైపే. అందుకే పాత లంబాడీ లంగాల అంచులు, రవికల ముక్కలు కత్తిరించి అట్టకు జిగురుతో అంటించి అమ్మడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కొన్నవాళ్లకు గోడ మీదికి ఒక అలంకారం దొరుకుతుంది. ఆ కుట్టు మరిచిపోయిన ఇంటి మనవరాలికి మాత్రం దాన్ని తిరిగి నేర్చుకునే తోవ మూసుకుపోతుంది.

ఇంతవరకూ వెనకవైపు అంటే ముందువైపు పని చేస్తుంటే దానంతటదే వచ్చేది అన్నట్టు మాట్లాడాను. కానీ వెనకవైపు నుంచే పని చేసే సంప్రదాయాలు ఉన్నాయి. పంజాబు ఫుల్కారీని తీసుకోండి. ముతక ఖద్దరు మీద పురిలేని పట్టుదారం. కుట్టే ఆమె గుడ్డ వెనకవైపు చూస్తూ, పోగులు లెక్కపెట్టుకుంటూ సూది దించుతుంది. పొడవాటి పట్టు కుట్లు అటువైపు, అంటే ముందువైపు పరుచుకుంటాయి. ఇటువైపు ఆమె కళ్లకు కనిపించేవి చుక్కలు మాత్రమే. బంగారు రంగు పువ్వు మొత్తం ఆమె లెక్కలో ఉంటుంది. చూడకుండా, కేవలం లెక్కపెట్టుకుంటూ అంత పెద్ద దుప్పటి నింపడం ఎంత ధీమా!

లక్నో చికన్ పనిలో బఖియా అనే కుట్టు ఉంది, మనవాళ్లు షాడో వర్క్ అంటారు. పలచని మల్లు గుడ్డకు వెనకవైపు కుడతారు. అడ్డంగా దాటే దారాలు వెనకే ఉండిపోయి, గుడ్డలోంచి లేత నీడగా ముందుకు కనిపిస్తాయి. ముందువైపు మిగిలేవి ఆకు అంచుల వెంట రెండు చుక్కల వరసలు. ఇది మీరు ఇందాక విన్నదే. సిత్తిలింగి లోయలో ఇంటూ గుర్తులను పైకి చూపించే ఆ కుట్టునే లక్నోలో తిరగేసి వాడారు. మన లంబాడీ అక్క వెనక వదిలేసిన చుక్కల వరసే అక్కడ నవాబుల అంగీల మీద ముఖం అయింది. ఒక ఊళ్లో వెనకవైపు ఇంకో ఊళ్లో ముందువైపు. ఇది గమనించిన రోజు నేను పట్టరాని సంతోషంతో ఆ రెండు గుడ్డలనూ పక్కపక్కన పెట్టి వచ్చినవాళ్లందరికీ చూపించాను.

నేతలోనూ ఇదే ఉంది. బనారసు జరీ చీరను మగ్గం మీద బోర్లా నేస్తారు, ముఖం కిందికి ఉంటుంది. పారిసులోని గోబెలాఁ నేతశాలలో నేతగాళ్లు నిలువు మగ్గం వెనక కూర్చుని తెరలు నేస్తారు. ముందువైపు ఎలా వస్తోందో చూసుకోవడానికి అవతల అద్దం పెట్టుకుంటారు. రోజంతా వాళ్ల కళ్ల ముందుండేది వెనకవైపే, పోగుల చివరలు వేలాడుతున్న వైపే.

ఇక మన ఇళ్లలోకి వద్దాం. పెళ్లిళ్ల రోజులు వస్తే ఇక్కడి నుంచి హైదరాబాదు దాకా ఎక్కడ చూసినా మగ్గం వర్క్ జాకెట్లే. చట్రానికి గుడ్డ బిగించి, కొక్కెం ఉన్న సూదితో పైన కుడిచెయ్యి కుడుతుంటే అందరం దాన్నే చూస్తాం, వీడియోలు తీసేదీ దాన్నే. ఎడమచెయ్యి గుడ్డ కింద ఉంటుంది. సూది గుడ్డలోంచి దిగినప్పుడల్లా, అది దిగిన చోటే, ఆ చెయ్యి దారాన్ని కొక్కేనికి అందించాలి. కన్ను చూడదు, వేలికి తెలియాలి. ఒక జాకెట్టు చేతులకు అలా ఎన్ని వేలసార్లు అందిస్తుందో. ఎప్పుడైనా వర్క్ చేసే చోటికి వెళ్తే చట్రం పక్కన కింద కూర్చుని ఒకసారి ఆ ఎడమచేతిని చూడండి. అలా చూసినవాళ్లు తరవాత బేరం ఆడేటప్పుడు కాస్త తగ్గుతారని నా నమ్మకం.

రెండువైపులా ఒకేలా ఉండే పనికి లోకంలో గౌరవం ఎక్కువ. ధార్వాడ వైపు కసూతిలో గవంతి అనే కుట్టు ఉంది. సూది ఒక వరస వెళ్తూ ఒక కుట్టు వేసి ఒకటి వదులుతుంది, అదే దారిలో తిరిగివస్తూ వదిలినవాటిని పూరిస్తుంది. ముడి వేయరు. పూర్తయ్యాక ఏది ముందో చెప్పలేం. హిమాచల్‌లో చంబా రుమాళ్లదీ అదే నేర్పు. తెలుగునాట ఉప్పాడ జామ్దానీలో బుటా రెండువైపులా తీరుగా ఉంటుంది. తేలియా రుమాలు సంగతి సరేసరి. అక్కడ బొమ్మ నేతకు ముందే పోగులో ఉంది. నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానబెట్టి, కట్టి, రంగు వేసి, నిలువు పోగు అడ్డపోగు కలిసినచోట బొమ్మ తేలేలా నేస్తారు. చీరాలలో పుట్టి అరబ్బు దేశాలకు ఎగుమతైన ఆ పనిని పుట్టపాకలో నిలబెట్టినవారిలో గజం గోవర్ధన ఒకరు, 2011లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇలా పోగుకే ముందు కట్టి రంగు వేసి నేసే ఇకత్‌లో కనిపించని వైపు గుడ్డ వెనక ఉండదు, మగ్గం ఎక్కకముందే జరిగిపోతుంది. పోగు కట్టడానికి ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. ఒకే చేతిని వేలసార్లు అటూ ఇటూ ఆడించాలి, ఆ పని ఇళ్లలో ఆడవాళ్లది. భుజం నొప్పితో బాధపడే తల్లి లక్ష్మిని చూసి చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారు చేసి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి చీర కట్టుకున్నప్పుడు రంగుల్ని మెచ్చుకుంటాం, ఆ భుజం మనకు గుర్తుకు రాదు.

ఈ రెండువైపుల నేర్పుకు చేతులెత్తి మొక్కుతాను. కానీ దాన్నే కొలబద్ద చేసుకుని మిగతా పనిని తక్కువ చేయడం నాకు సమ్మతం కాదు. రెండువైపులా ఒకటే అయితే ఆ గుడ్డకు ఉన్నవి రెండు ముఖాలు, వెనకవైపు అనేదే లేదు. లంబాడీ గుడ్డలో రెండు వేరువేరు బొమ్మలు ఉన్నాయి. ఒకటి పనిగట్టుకుని చేసింది, రెండోది చేస్తుంటే అమరింది.

కుట్టు క్లాసుల్లో ఇంకా వినిపించే మాట ఒకటుంది, వెనకవైపు కూడా ముందువైపంత శుభ్రంగా ఉండాలని. ఈ మాట వల్ల ఎందరు పిల్లలు సూది పక్కన పెట్టేశారో నాకు తెలుసు. పసిపిల్లల చొక్కా అయితే వెనక ముడి గుచ్చుకుంటుంది, అక్కడ శుభ్రం అవసరమే. రోజూ ఉతికే దిండు గలీబుకు ముడి ఊడిపోతే కుట్టంతా పోతుంది, అక్కడ గట్టిదనం కావాలి. గోడకు వేలాడే తెరకు ఈ రెండూ అక్కర్లేదు. శుభ్రం మాటకు వస్తే టీచరమ్మ కూడా అడిగింది గట్టిదనమే. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు దారం వెనకగా గెంతితే, గెంతు మరీ పొడవైతే వేలికి, గాజుకి తగులుకుంటుంది కాబట్టి తెంపమనేవారు. పొట్టిదైతే వదిలేయమనేవారు. ఆ పొట్టి గెంతులే ఆవిడకు చదువుకోవడానికి అక్షరాలు. ఎర్రదారం మిగిలింది కాబట్టి పక్క పువ్వుకు పోయింది, అది చాలక మధ్యలో ఆగింది, అక్కడ కొత్త దారం కాస్త ముదురు రంగుది వచ్చింది. ఒకే గుడ్డ మీద ఇద్దరు కుట్టి ఉంటే ఒకరు ముడితో మొదలుపెడతారు, ఒకరు ముడి లేకుండా రెండు కుట్లు వెనక్కి తీసి మొదలుపెడతారు. ముందువైపు ఆ ఇద్దరూ కలిసిపోతారు. వెనకవైపు ఎవరి చెయ్యి వారిదే.

వెనకవైపు దాచుకునే సంగతి ఇంకోటి రంగు. న్యూయార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియం వారి క్లోయిస్టర్స్‌లో ఒంటికొమ్ము గుర్రం వేట కథతో నేసిన ఏడు తెరలు ఉన్నాయి. 1500 ప్రాంతంలో నేసినవి. 1998లో మరమ్మతుల కోసం గోడల మీది నుంచి దించి వెనక అస్తర్లు విప్పారు. వందల ఏళ్లుగా వెలుతురు తగిలిన ముందువైపు కంటే వెనక రంగులు ఎంతో తాజాగా బయటపడ్డాయి. ఆ వెనకవైపులను ప్రత్యేకంగా ఫొటోలు తీసి భద్రపరిచారు. మళ్లీ అస్తరు వేసి గోడకు ఎక్కించాక వాటిని చూసే వీలు లేదు కదా. అంత దూరం ఎందుకు, మీ అమ్మమ్మగారి పట్టుచీర అంచు మడత విప్పి చూడండి. అసలు రంగు అక్కడ ఉంటుంది.

పట్టుచీర అంటే గుర్తొచ్చింది. బుటాల జరీ వెనక పోగులుగా పరుచుకుని ఉంటే మెట్టెలకూ గాజులకూ తగులుకుంటుందని పల్లూ వెనక నెట్ వేయించుకుంటాం. తప్పేం లేదు, చీర నాలుగు కాలాలు ఉంటుంది. అయితే కొనేటప్పుడు నెట్ వేయకముందే వెనక చూడండి. చేత్తో కుట్టిన పనికీ కంప్యూటర్ ఎంబ్రాయిడరీకీ తేడా ముందువైపు పట్టుకోవడం రోజురోజుకీ కష్టమవుతోంది. వెనకవైపు ఇంకా దాచలేకపోతున్నారు. మిషన్ పనికి వెనక బాబిన్ దారం ఉంటుంది, పైన ఎన్ని రంగులున్నా కింద చాలాసార్లు ఒకటే తెలుపు. గుడ్డ ముడుచుకోకుండా వేసిన కాగితం ముక్కలు కూడా అంటుకుని ఉంటాయి. చేతిపనికి పైన ఏ రంగో కింద అదే రంగు, ఎందుకంటే అదే దారం. మరమగ్గం మీద జామ్దానీని అనుకరిస్తే బుటాకూ బుటాకూ మధ్య తేలిన పోగుల్ని కత్తిరిస్తారు, ఆ కత్తిరించిన కొసలు వెనక కనిపిస్తాయి. మిషన్ పనిని కొనొద్దని నేను చెప్పను. మిషన్ పనిని చేతిపని ధరకు అమ్మితే, పది రోజులు కూర్చుని కుట్టిన అక్క కూలి ఆ అబద్ధం కింద నలిగిపోతుంది. ఆమె తరఫున సాక్ష్యం చెప్పేది గుడ్డ వెనకవైపే.

నాకు కొన్ని కోరికలు ఉన్నాయి. బడుల్లో, సంఘాల్లో కుట్టుపని ప్రదర్శన పెట్టేవాళ్లు గుడ్డల్ని గోడకు కొట్టకండి. గదికి అడ్డంగా తాడు కట్టి ఆరేయండి, జనం చుట్టూ తిరిగి చూస్తారు. పాత గుడ్డలకు అస్తరు వేయక తప్పకపోతే ఒక వైపు కుట్టకుండా వదలండి, లేదా వేసేముందు వెనకవైపు ఫోనుతో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. కుట్టినామె పేరు, ఊరు, సంవత్సరం వెనక ఒక మూల దారంతోనే రాయించండి. పోటీలు పెడితే మార్కులు వేసేముందు ఆ పిల్ల చేత దారం ఏ దారిన పోయిందో వెనకవైపు చూపించి చెప్పించండి. ఆ దారి చెప్పగలిగిన పిల్ల రేపు ఇంకొకరికి నేర్పగలదు.

టీచరమ్మ కుట్టినవి, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లు కుట్టినవి, నేను తెచ్చిన లంబాడీ, చికన్ ముక్కలు పక్క గదిలో బల్లల మీద పరిచి ఉన్నాయి. అన్నిటినీ ముట్టుకోవచ్చు, తిరగేయవచ్చు. టీ తాగినవాళ్లు మాత్రం చేతులు కడుక్కుని తుడుచుకుని రండి. పిల్లల్ని ముందు వెళ్లనివ్వండి.